ప్రాథమిక టీచర్లకు లైబ్రేరియన్ శిక్షణ: ముందు బీరువా తాళం సంగతి తేల్చండి

శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ వచ్చి మీ స్కూల్ కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడుల సముదాయంలో) 30 మంది ప్రాథమిక టీచర్లకు ఒక రోజు శిక్షణ ఇస్తానన్నారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం పెట్టాలి అని మీరు అడిగారు. ఏం పెట్టినా పెట్టండి గానీ, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణ మాత్రం వద్దని ముందే గట్టిగా చెప్పండి. చెప్పకపోతే అలవాటు కొద్దీ అక్కడే మొదలుపెడతారు. జానపద కథలకు 398.2, తెలుగు సాహిత్యానికి 894.827 అని బోర్డు మీద రాస్తే టీచర్లు బుద్ధిగా నోట్సు రాసుకుంటారు. 200 పుస్తకాలున్న బడిలో అది ఎందుకూ కొరగాదు. మూడో తరగతి పిల్ల వచ్చి అడిగేది పులి బొమ్మ ఉన్న పుస్తకం.

బడిలో పుస్తకాలు పిల్లల చేతికి ఎందుకు వెళ్లవంటే టీచర్లకు చదవడం మీద ఇష్టం లేదని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. పుస్తకం పోతే డబ్బు ఎవరు కట్టాలన్నదే అసలు భయం. ప్రాథమిక బడికి లైబ్రేరియన్ పోస్టు ఉండదు, స్టాక్ రిజిస్టర్ హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడి) మెడకు ఉంటుంది. బదిలీ మీద వెళ్లేటప్పుడు చార్జి అప్పగింతలో నాలుగు పుస్తకాలు తగ్గితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. అందుకే బీరువాకు తాళం, తాళం చెవి సొరుగులో, సొరుగుకు ఇంకో తాళం. 'చిరిగినా ఫర్వాలేదు, పిల్లలకు ఇవ్వండి' అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అంటారు, కాగితం మీద రాసి ఇమ్మంటే మాత్రం పెన్ను కదలదు. కాబట్టి మొదటి గంటన్నర పుస్తకాలు పోవడం గురించే పెట్టండి. కథలూ బొమ్మలూ తర్వాత.

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (ఆర్థిక నిబంధనలు), 2017లో 215వ నిబంధన చదివి వినిపించమనండి. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవడం సహజమేనని అందులో ఉంది. నిర్లక్ష్యమో మోసమో ఉండకూడదు. 1,000 రూపాయలు దాటినవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ తప్పదు. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఆ 5 బీరువాలో ఉన్న వెయ్యికి కాదు, చేతులు మారిన వెయ్యికి. మీ బడిలో 60 మంది పిల్లలు, వారానికి తలా ఒక పుస్తకం, 35 వారాలు అనుకుంటే 2,100 సార్లు పుస్తకం బయటికి వెళ్లింది. అంటే 10 పుస్తకాలు పోయినా కంగారు పడాల్సిన లెక్క కాదు. ఎక్కువ ఇచ్చేకొద్దీ రక్షణ కూడా పెరుగుతుందని తెలిస్తే టీచర్ల మొహాలు కాస్త తేటపడతాయి.

ఇది కేంద్రం నిబంధన, మీ బడి రాష్ట్రానిది. అందుకని అదే హాల్లో పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం నమూనా ఒకటి అందరిచేతా రాయించండి. మూడు వాక్యాలు చాలు: పిల్లలకు పుస్తకాలు ఇంటికి ఇస్తాం, ఇచ్చిన ప్రతి వెయ్యికి 5 లెక్కన పోయినవీ చిరిగినవీ ఏడాదికోసారి కమిటీ ముందు పెట్టి కొట్టివేస్తాం, పిల్లల దగ్గర డబ్బు వసూలు చేయం. కొట్టివేసేటప్పుడు స్టాక్ రిజిస్టర్ రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో తేదీ, తీర్మానం నంబరు వేయాలి. పోయిన పుస్తకం నంబరును కొత్త పుస్తకానికి ఇవ్వకూడదు. ఆడిట్‌లో తంటా వచ్చేది పోయిన పుస్తకంతో కాదు, ఒకే నంబరు మీద రెండు పేర్లు కనిపించినప్పుడు.

రెండో పని ఆహ్వానంలోనే చేయాలి. ప్రతి టీచరూ తమ బడి బీరువాలోంచి 20 పుస్తకాలు, ఏరకుండా, చేతికి అందినవి తేవాలని రాయండి. ఈ వంకతో తాళం ఒకసారి తెరుచుకుంటుంది. శిక్షణ ఇచ్చేవాళ్లు తళతళలాడే కొత్త పుస్తకాలు తెచ్చి చూపిస్తే సుఖంగానే ఉంటుంది గానీ, మర్నాడు టీచరు ఎదురుగా ఉండేది పాత బీరువా. టీచర్లను ఐదుగురేసి ఆరు గుంపులు చేస్తే ఒక్కో బల్ల మీద వంద పుస్తకాలు పడతాయి. అందులో పోటీ పరీక్షల గైడ్లు, ఒకే జీవిత చరిత్ర నాలుగు ప్రతులు, హైస్కూలు స్థాయి విజ్ఞాన గ్రంథాలు, వెండి పురుగు తిన్న అట్టలు అన్నీ ఉంటాయి. ముందు పిల్లలకు పనికిరానివి పక్కకు తీయాలి. మిగిలినవాటికి స్థాయి పెట్టాలి.

స్థాయిలకు రంగులు వాడటం మంచి పద్ధతి. పిల్లల చదువు మీద పనిచేసే రూమ్ టు రీడ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లకు ఆకుపచ్చ, ఎరుపు, నారింజ, తెలుపు, నీలం, పసుపు అని ఆరున్నాయి. చిన్న బడికి ఆరు ఎక్కువ, మూడు చాలు. అయితే వెనక అట్ట మీద అచ్చువేసిన స్థాయిని నమ్మొద్దు. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలతో రాసిన పుస్తకం తెలుగులోకి వచ్చేసరికి 'ఆశ్చర్యపోయింది', 'ప్రయత్నించింది' అని బరువెక్కుతుంది. మన పిల్లలు తడబడేది ఒత్తుల దగ్గర. ఒక పేజీ తెరిచి ఒత్తులు లెక్కపెట్టండి. అన్నీ గుణింతాలే ఉండి 'అమ్మ', 'పిల్లి' లాంటి ద్విత్వాలు కొన్ని తగిలితే ఆకుపచ్చ. 'పుస్తకం', 'పద్యం' లాంటి సంయుక్తాలు బాగా ఉంటే ఎరుపు. 'రాష్ట్రం' లాంటివి, పెద్ద పేరాలు ఉంటే నీలం. అక్షరం సైజు కూడా చూడాలి. 18 పాయింట్ల కంటే చిన్నగా, వరుసలు దగ్గర దగ్గరగా ఉంటే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకు తగులుతుంది. అలాంటి పుస్తకాన్ని ఒక మెట్టు పైకి జరపండి. సన్నటి పుస్తకాలకు వెన్ను ఉండదు కాబట్టి స్టిక్కరు ముందు అట్ట ఎడమ పై మూలన అంటించాలి.

భోజనానికి ముందు గంటసేపు గట్టిగా చదివి వినిపించే సాధన. అందరికీ వచ్చనుకునేదీ, చాలామంది పాడుచేసేదీ ఇదే. టీచరు పుస్తకాన్ని మొహానికి ఎదురుగా పెట్టుకుని పేజీ చదువుతారు, ఆ తర్వాత బొమ్మ కనబడేలా ఇలా తిప్పి అలా లాగేస్తారు. వెనక కూర్చున్న పిల్లలు మోకాళ్ల మీద లేస్తారు, కూర్చోమని కేకలు, కథ కాస్తా గంగలో కలుస్తుంది. పుస్తకం భుజం పక్కన ఉండాలి, బొమ్మ మొత్తంసేపూ పిల్లలవైపే ఉండాలి, చేతి వేళ్లు అడుగు అంచును మాత్రమే పట్టుకోవాలి. ఓరగా చూస్తూ చదవాలంటే ముందు రోజు రెండుసార్లు చదువుకుని రాక తప్పదు. పేజీ తిప్పేముందు ఒక్క క్షణం ఆగాలి, ఏం జరుగుతుందో పిల్లలే ఊహిస్తారు. 'అంటే ఏమిటి?' అని మాట మాటకూ ఆగకూడదు. బల్ల దగ్గర ఒకరు నాలుగు పేజీలు చదువుతుంటే, మిగతా నలుగురూ పిల్లల్లా కూర్చుని ఎన్నిసార్లు ఆగారో గీతలు గీయాలి. ఆ గీతలు చూసుకుంటే ఎవరికి వాళ్లకే అర్థమవుతుంది, విమర్శ అక్కర్లేదు. చివర్లో 'ఈ కథలో నీతి ఏమిటి?' అని అడగడం ఆ రోజుకు నిషేధించండి. 12 నుంచి 15 నిమిషాలు దాటే పుస్తకం ఒకటి రెండు తరగతులకు ఎంచుకోవద్దు.

మధ్యాహ్నం కునికిపాట్ల వేళ చేతికి పని ఇవ్వాలి. చిరిగిన పుస్తకాలకు సెల్లో టేపు వేయొద్దు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి పసుపు జిగురు మరక కాగితంలోనే ఉండిపోతుంది. బదులుగా మైదా జిగురు కాయండి: రెండు చెంచాల మైదాకు పది చెంచాల నీళ్లు, సన్న మంట మీద పారదర్శకంగా అయ్యేదాకా కలపాలి. పాత బైండర్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవారు. అది విషం, పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకునే చోట వద్దు. జిగురు రెండు రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి. తుప్పు పట్టిన పిన్నులు పీకేసి మూడు రంధ్రాల కుట్టు వేయాలి. నడిమి పేజీ తెరిచి మధ్యలో ఒకటి, పైనుంచీ కిందినుంచీ 3 సెంటీమీటర్ల దూరంలో ఒక్కోటి గుర్తుపెట్టి దబ్బనంతో పొడవండి. సూది మధ్య రంధ్రంలోంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, లోపల పొడవుగా వచ్చి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. రెండు కొసలూ ఆ పొడుగు దారానికి అటొకటి ఇటొకటి ఉండేలా ముడి వేస్తే వదులవదు.

పుస్తకాలను తాడుకు వేలాడదీయడం ఇప్పుడు ఫ్యాషన్. ఫొటోకి బాగుంటుంది. పిన్ను పుస్తకం నడిమి పేజీ మీద వేలాడితే పిన్ను దగ్గరే చిరుగుతుంది. తాడు కట్టాలనుకుంటే పిల్లల కళ్ల ఎత్తులో, 3 అడుగుల దగ్గర కట్టండి, 24 పేజీలు దాటనివి వేయండి, వారానికోసారి మార్చండి.

ఇచ్చిన పుస్తకాల లెక్కకు తేదీల వారీ రిజిస్టరు వద్దు. ఒక్కో పిల్లకు ఒక పేజీ, మూడే గడులు: తీసుకున్న తేదీ, పుస్తకం నంబరు, తిరిగిచ్చిన తేదీ. నాలుగు, ఐదు తరగతుల నుంచి ఇద్దరు పిల్లలు నడిపేస్తారు. టీచరే రాస్తానని కూర్చుంటే పీరియడ్ అంతా రాతకే సరిపోతుంది, రెండో వారానికి విసుగొచ్చి మళ్లీ తాళం పడుతుంది.

డబ్బు సంగతి కూడా కాస్త మాట్లాడించండి. సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000. పుస్తకం 50 రూపాయలైతే వంద వస్తాయి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దించుకుని అచ్చు తీసుకోవచ్చు. మనం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సెస్సుతో నడిచే శాఖలో పిల్లల పుస్తకాలు ఏమున్నాయో జాబితా లైబ్రేరియన్‌నే తెమ్మనండి, తరగతిని ఏ రోజు తీసుకురావచ్చో అక్కడే అడిగి రాసుకోండి. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు ప్రాంతంలోని పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపిన చోట, ఈనాడు అర కిలోమీటరు దూరంలో ఉన్న శాఖకు పిల్లలు వెళ్లడం లేదంటే నాకు మింగుడు పడదు.

జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వరుసగా ఉపన్యాసాలు కలిపి 15 నిమిషాలకు మించనివ్వకండి. పొద్దున పదకొండున్నర దాకా సాగితే కోత పడేది ఆ చదివి వినిపించే గంట మీదే. శిక్షణ అయ్యాక ఫొటోలు గ్రూపులో పెట్టమని అడగొద్దు. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కు ప్రతి టీచరూ పిల్లకో పేజీ చొప్పున రాసిన ఆ లెక్కల పుస్తకం వెంట తేవాలని సర్క్యులర్లో రాయండి. పేజీలు ఖాళీగా ఉన్న బడికి మళ్లీ లైబ్రేరియన్‌ను పంపే ముందు తీర్మానం సంతకం అయిందో లేదో కనుక్కోండి.