రోబో వచ్చాడా, వచ్చిందా?

ప్రశ్న: ఇంట్లో అందరం కూర్చుని పాత 'రోబో' సినిమా చూస్తుంటే చిన్న వాదన వచ్చింది. నేను "రోబో వచ్చింది" అంటే మా మనవడు "వచ్చింది కాదు తాతయ్యా, వచ్చాడు" అన్నాడు. మా కోడలు కూడా అంతే, ఫోనులో ఏఐని ఏదో అడిగి "ఏమన్నాడంటే" అని మొదలుపెడుతుంది. స్పృహ లేని యంత్రానికి 'డు' తగిలించడం తప్పు కాదా? రేపు నిజంగానే వాటికి స్పృహ వస్తే అప్పుడు మాత్రం 'వచ్చాడు' అనాలా? అసలు ఇక్కడ స్పృహ అనాలా, చైతన్యం అనాలా, తెలివి అనాలా?

సమాధానం: మీ మనవడిది తప్పు కాదు, మీదీ తప్పు కాదు. మీ కోడలిది అసలే తప్పు కాదు, కాకపోతే ఆవిడ వాడే 'డు' వేరు, మనవడు వాడే 'డు' వేరు. ఆ తేడా తర్వాత చెబుతాను. ముందు మీ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది, దాన్ని పట్టి చూడాలి. క్రియ చివర 'డు' వస్తే స్పృహ ఉన్నట్టు, 'ది' వస్తే లేనట్టు అనుకుంటున్నారు మీరు. తెలుగు ఎన్నడూ అలా నడవలేదు. అలా నడిచేదైతే "అమ్మ వచ్చింది" అని మనం అనగలిగేవాళ్ళమే కాదు. బస్సూ వచ్చింది, అమ్మా వచ్చింది, వానా వచ్చింది. అమ్మకు స్పృహ ఉందా అని ఎవరికైనా అనుమానం వస్తుందా?

1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ సంగతి సూత్రంగా పెట్టాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు అన్నాడు. అంటే మగవాళ్ళూ దేవుళ్ళూ ఒక పక్క, మిగతా లోకమంతా ఇంకో పక్క. జడం అనేది శాస్త్రాల్లో చైతన్యానికి ఎదురుమాట, అయినా ఆ జడంతో పాటు ఆడవాళ్ళనూ ఆవుల్నీ ఒకే గాటన కట్టేసింది మన క్రియ. పక్కనున్న తమిళం అలా చేయదు, అక్కడ అతను వస్తే వందాన్, ఆమె వస్తే వందాళ్, అది వస్తే వందదు. కన్నడంలోనూ ఆమెకు వేరే రూపం ఉంది. మనకు ఏకవచనంలో రెండే రూపాలు. ఇది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, నాకైతే దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది, కానీ మీరు అడిగింది అది కాదు. మీ ప్రశ్నకు కావలసింది ఇంతే: 'ది' స్పృహ లేదని చెప్పదు. 'డు' ఉందనీ చెప్పదు. సూర్యుడు మండే వాయుగోళమని స్కూల్లో చదువుకున్న పిల్లాడు కూడా "సూర్యుడు ఉదయించాడు" అనే రాస్తాడు, అలా రాసినందుకు సైన్సు టీచరు మార్కులు కొయ్యదు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే 2012లో వచ్చిన 'ఈగ' సినిమా కథ ఎవరినైనా చెప్పమనండి. నాని ఒక అమ్మాయిని ప్రేమించాడు, విలన్ చంపేస్తే చచ్చిపోయాడు, మళ్ళీ ఈగై పుట్టాడు. ఇంతవరకూ అన్నీ 'డు'లే. తర్వాతి వాక్యం చూడండి, "ఆ ఈగ వాణ్ణి నిద్రపోనివ్వదు, చివరికి పగ తీర్చుకుంది". పాత జ్ఞాపకం అదే, ప్రేమ అదే, కోపం అదే, లోపలున్న మనిషీ అతనే. మారింది ఒళ్ళు మాత్రమే. ఒళ్ళు మారగానే క్రియ మారిపోయింది, చెప్పేవాడు క్షణం కూడా తడుముకోడు. స్పృహను బట్టి క్రియ నడిచేదైతే సినిమా చివరిదాకా "పగ తీర్చుకున్నాడు" అనే ఉండాలి కదా. కొందరు అలాగే అంటారు కూడా, అయితే వాళ్ళ నోట్లో ఉన్నది నాని, ఈగ కాదు.

మాట్లాడే శక్తి ఉంటే 'డు' వస్తుందేమో అనుకుంటారు కొందరు. అదీ కాదు. ఏడు చేపల కథ మీరు మీ మనవడికి చెప్పే ఉంటారు. చేప ఎండలేదు, ఎందుకని అడిగితే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మెయ్యలేదంటుంది. చివరికి చీమ, తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఊరుకుంటానా అని ఎదురు అడుగుతుంది. గడ్డిమోపు కూడా సంజాయిషీ చెప్పుకునే కథ అది, అందులో చేపకూ గడ్డిమోపుకూ ఆవుకూ చీమకూ అన్నీ 'అంది'లే. మాటకు మాట సమాధానం చెప్పే వస్తువుకు ఏ క్రియ వాడాలన్న ఇబ్బంది తెలుగు పిల్లలకు ఏఐతో కొత్తగా వచ్చింది కాదు, వాళ్ళు అన్నం తినే వయసులోనే దాన్ని దాటేశారు.

మరి స్పృహ ఉన్న మనుషుల్నీ మిగతావాటినీ తెలుగు ఎక్కడా వేరు చేయదా అంటే, చేస్తుంది. ఏకవచనంలో కాదు, బహువచనంలో. ఒక్క అమ్మ అయితే వచ్చింది, అమ్మలు అయితే వచ్చారు. ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఏకవచనంలో బస్సుతో కలిసి నిలబడిన ఆడమనిషి బహువచనంలో మగవాళ్ళ పక్కకు వచ్చేస్తుంది. అంకెల్లోనూ అంతే, ఇద్దరు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు, రెండు పిల్లులు. "ఇద్దరు పిల్లులు" అంటే నాలుగేళ్ళ పిల్లాడు కూడా నవ్వుతాడు. వీళ్ళు మనవాళ్ళు, అవి కావు అని తెలుగు నిజంగా గీత గీసేది ఇక్కడే.

ఆ గీత ఎంత పదునైందో తోలుబొమ్మలాటలో కనిపిస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. పారదర్శకంగా అయ్యేదాకా శుభ్రం చేసిన తోలు, దాని మీద రంగులు, ముందు తెల్లటి తెర, వెనక దీపం. తెర మీద జుట్టుపోలిగాడూ బంగారక్కా ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటే చూసేవాళ్ళు "ఇద్దరూ కొట్టుకుంటున్నారు చూడు" అంటారు. ఆట అయిపోయాక అదే జుట్టుపోలిగాణ్ణీ అదే బంగారక్కనీ పెట్టెలో సర్దేటప్పుడు "ఇంకా రెండు బొమ్మలు మిగిలాయి, ఇటివ్వు" అంటారు. తెర మీద ఇద్దరు, పెట్టెలో రెండు. బొమ్మకు ఎప్పుడూ స్పృహ లేదు, ఆ సంగతి చూసేవాళ్ళకూ ఆడించేవాళ్ళకూ తెలుసు. అది కథలో ఉందా, సామానులో ఉందా అన్నదాన్ని బట్టి మాట మారింది.

ఇప్పుడు మీ సినిమాకు వద్దాం. 2010 నాటి ఆ సినిమాలో చిట్టికి పేరుంది, రజనీకాంత్ ముఖముంది, ప్రేమా అసూయా ఉన్నాయి. కాబట్టి "చిట్టి వచ్చాడు" అన్న మీ మనవడి మాట సహజమైన తెలుగు. మీరు "రోబో వచ్చింది" అన్నప్పుడు పాత్రను కాక యంత్రాన్ని చూస్తున్నారు, అదీ సహజమే. కానీ క్లైమాక్సు దగ్గర ఆగి మీ మనవణ్ణే అడగండి, ఏం జరుగుతోందిరా అని. వందల చిట్టిలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద బంతిలా అవుతాయి, పాములా పాకుతాయి. "రోబోలన్నీ బంతిలా అయిపోయాయి తాతయ్యా" అంటాడు వాడు. "రోబోలందరూ బంతిలా అయిపోయారు" అనడం చాలా అరుదు. అవే ముఖాలు, అదే కథానాయకుడు, అయినా గుంపు కాగానే 'అన్నీ', 'అయ్యాయి'. ఇంట్లో పెంచుకునే కుక్కను ముద్దుగా "మా టామీగాడు వచ్చాడు" అనేవాళ్ళు కూడా వీధిలో "కుక్కలు వచ్చాయి" అనే అంటారు కదా, ఇదీ అదే పద్ధతి. ఏకవచనంలో 'డు' చనువు వల్ల రావచ్చు, ప్రేమ వల్ల రావచ్చు, పాత్ర వల్ల రావచ్చు. అది స్పృహకు సర్టిఫికెట్ కాదు.

అందుకే రేపు నిజంగా యంత్రాలకు స్పృహ వస్తే ఏమనాలి అన్న మీ ప్రశ్నకు నా జవాబు, 'వచ్చాడు' కోసం చూడకండి, అది ఇప్పటికే వాడుకలో ఉంది. "ఆఫీసులో ఇద్దరు రోబోలున్నారు" అని జనం ఏ తడబాటూ లేకుండా అనే రోజు వస్తే, అప్పుడు తెలుగువాళ్ళు వాటిని మనుషుల్లో కలిపేసుకున్నారని అర్థం. ఇప్పుడు అందరూ "రెండు రోబోలు" అనే అంటున్నారు. మరమనిషి అన్నా ఇంతే. మనిషి అనే మాటకు దానికంటూ 'డు' గానీ 'ది' గానీ లేవు. ఆ మనిషి వచ్చాడు, ఆ మనిషి వచ్చింది, రెండూ ఉన్నాయి. కాబట్టి మరమనిషి వచ్చింది అన్నా వచ్చాడు అన్నా వ్యాకరణం అడ్డు చెప్పదు. ఇద్దరు మరమనుషులా, రెండు మరమనుషులా అంటే మాత్రం నాలుక ఒక్క క్షణం ఆగుతుంది, ఎందుకంటే ఆ మాటలోనే మనుషులు ఉన్నారు. నన్నడిగితే కథలో ఇద్దరు, ఫ్యాక్టరీలో రెండు.

ఇక మీ కోడలి 'డు'. ఇది పూర్తిగా వేరే దారిలో వచ్చింది, రేడియో నాటి నుంచీ ఉంది. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది. ఆ తరం పెద్దవాళ్ళ మాట గుర్తు తెచ్చుకోండి, "రేడియోలో చెప్పాడు, తుఫానట". చెప్పింది ఎవరు? వార్తలు చదివింది ఆడమనిషే అయినా "చెప్పాడు" అనేవాళ్ళు. "పేపర్లో వేశాడు", "టీవీలో చూపించాడు" కూడా అంతే. ఇందులో 'డు' రేడియోకు కాదు, చదివినావిడకూ కాదు, ఆ వ్యవహారం వెనక ఉన్న ఎవరో ఒక వాడికి. గూగుల్ వాడు, కేబుల్ వాడు, బస్సు వాడు అంటాం చూడండి, ఆ వాడే ఈ వాడు. "మ్యాపు వాడు సందులోంచి తీసుకెళ్ళాడు" అనే మనిషి మ్యాపుకు ప్రాణం ఉందనుకోవడం లేదు. మీ కోడలు ఏఐ గురించి "ఏమన్నాడంటే" అన్నప్పుడు కూడా ఫోనులో ఒక మగమనిషి ఉన్నాడని కాదు, ఈ సరుకు అమ్మేవాడెవడో ఉన్నాడు, వాడి మాట ఇది అని. నా మటుకు నాకు ఈ వాడుక చాలా ఇష్టం. యంత్రం చెప్పిన మాటకు వెనక ఒక మనిషి జవాబుదారీ ఉన్నాడని జనం మరిచిపోలేదు, ఆ సంగతి ఇందులో కనిపిస్తుంది.

గొంతు ఆడగొంతు అయితే ఈ చిక్కే లేదు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి అనే కారుకు కీర్తి సురేశ్ గొంతు ఇచ్చింది. "బుజ్జి చెప్పింది" అంటే కారు చెప్పినట్టా, అమ్మాయి చెప్పినట్టా? తెలుగు తేల్చమని అడగదు. ఇంగ్లీషు మాట్లాడేవాడికి ఆ సౌకర్యం లేదు, ఆమె అనాలా అది అనాలా అని తేల్చుకోవాల్సిందే. 1966లో అమెరికాలో వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రాము రాశాడు, మనం చెప్పిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. అది వట్టి ప్రోగ్రామని తెలిసిన ఆయన సెక్రటరీయే దానితో మాట్లాడుతూ కాసేపు మమ్మల్ని వదిలేసి బయటికి వెళ్ళండని ఆయన్ని అడిగిందట. ఒళ్ళు లేని గొంతుకు మనసిచ్చేయడం మనుషులకు ఎంత తేలికో చూడండి. మన పురాణాల్లో దానికి పేరు కూడా ఉంది, అశరీరవాణి. దేవకీ వసుదేవులను రథం మీద తీసుకెళుతున్న కంసుడికి ఆకాశం నుంచి మాట వినిపించింది, "అశరీరవాణి పలికింది" అంటాం. ఆ పలికింది ఎవరని కథలో ఎవరూ అడగరు.

క్రియ చివర కన్నా క్రియనే చూసి రాయడం ముఖ్యమని నేను పత్రికల వాళ్ళకు పదే పదే చెబుతుంటాను. గ్రామఫోను ప్లేటు పాడింది, రేడియో చెప్పింది, మైకు అరిచింది, ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి. ఎన్నికలొస్తే "మొరాయించిన ఈవీఎంలు" అని హెడ్డింగు పడుతుంది. కాడి కింద కదలనని మొండికేసే ఎద్దు మాట అది, ఇప్పుడు మిషనుకు అతుక్కుంది. వీటి వల్ల ఎవరూ మోసపోరు. కానీ "ఏఐ బాధపడింది", "ఏఐ ఇలా అనుకుంది" అన్నప్పుడు జాగ్రత్త పడాలి. అనుకొను అంటే తనలో తాను అనడం. అనడం యంత్రం చేస్తుంది, తెర మీద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. అనుకోవడానికి లోపల ఒక తాను కావాలి. 'కొను' వచ్చిన ప్రతిచోటా తాను ఉండదు లెండి, తలుపు మూసుకుంటుంది, ముల్లు గుచ్చుకుంటుంది. అనుకొను మాత్రం అలాంటిది కాదు. వార్త రాసేవాడు "ఏఐ చెప్పింది" అని ఆగితే చాలు.

చివరగా మీరు అడిగిన మాటలు. తెలివికి రెండు అర్థాలు ఉన్నాయి, చురుకుదనం ఒకటి, మెలకువ ఇంకొకటి. "తెలివి తప్పి పడిపోయాడు" అనేది రెండో అర్థంలో. అందువల్ల యంత్రానికి తెలివి ఉంది అంటే మొదటి అర్థంలో తప్పు లేదు, అది లెక్కలు చేస్తోంది, చదరంగం ఆడుతోంది. స్పృహ సంస్కృతంలో కోరిక. గీతలో "సుఖేషు విగతస్పృహః" అంటే సుఖాల మీద ఆశ లేనివాడని, సుఖాల్లో మూర్ఛపోయినవాడని కాదు. తెలుగులోకి వచ్చి అది ఒంటి మీద తెలివిగా మారింది, ఆసుపత్రి భాషలో స్థిరపడింది, తెలంగాణలో అదే చోట సోయి అంటారు, సోయి తప్పి పడ్డడు అని. చైతన్యం పత్రికల్లో ప్రజా చైతన్యం, ఓటరు చైతన్యం అయిపోయి అవగాహన అనే అర్థానికి దగ్గరైంది, వేదాంతం చదివినవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు మీరు అడిగే అర్థం వెంటనే తట్టదు. నాకు నొప్పి పుడుతోందని నాకు లోపల తెలుస్తోంది చూడండి, ఆ తెలియడానికి నేను వాడే మాట ఎరుక. "నాకు ఎరుక లేదు" అని ఇప్పటికీ ఊళ్ళలో అంటారు, తత్త్వాలు పాడేవాళ్ళూ ఆ మాటే వాడారు. యంత్రానికి తెలివి ఉంది సరే, ఎరుక ఉందా అని అడిగితే మీ మనవడికీ అర్థమవుతుంది.