ఎటూ పోని బాట చివర నీటిమర

"ఇంటి దగ్గరే ఉన్నా ఏళ్ళ తరబడి మీ కంటపడని పాత కట్టడం ఏదైనా ఉందా? ఎలా దొరికింది? నేను వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. నాకు దొరికింది నీళ్ళతో తిరిగే పిండిమర. ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడక. ఆరేళ్ళపాటు అది అక్కడుందని కూడా నాకు తెలియదు.

పెద్ద రోడ్డు నుంచి పొలాల్లోకి ఒక ఇరుకు బాట దిగుతుంది. అది ఎటూ పోదని అందరూ అంటే నేనూ నమ్మాను. ఒకరోజు పైపుల పని కోసం రోడ్డు తవ్వేశారు. సాయంత్రం నడకకి వేరే దారి లేక అటు తిరిగాను.

కొంచెం దూరం పోయాక గమనించాను, బాట పొలాల కంటే బాగా లోతులో ఉంది. రెండు పక్కలా గట్లు నా భుజాల దాకా వచ్చాయి. వాటిలోంచి చెట్ల వేళ్ళు బయటికి వేలాడుతున్నాయి. ఇలాంటి బాటని ఎవరూ పనిగట్టుకుని తవ్వరు. బండి చక్రాలూ పశువుల గిట్టలూ తరాల తరబడి నేలని గుల్ల చేస్తే, ఆ మట్టిని ప్రతి వానా కాస్త కాస్త కడిగేస్తుంది. ఒకచోట మట్టి పోయి రాయి తేలింది. దాని మీద చక్రం అరగదీసిన గాడి. అరచెయ్యి అడ్డంగా పెడితే సరిగ్గా పట్టింది. ఎటూ పోని దారిలో ఇన్ని బళ్ళు, అంత బరువుతో ఎందుకు తిరిగాయి? ఇక వెనక్కి రాబుద్ధి కాలేదు.

ఇంకాస్త ముందుకెళ్తే పక్కన కాలువ. కింద పల్లంలో వాగు వంకర్లు తిరుగుతూ పోతోంటే, ఈ కాలువ మాత్రం తాడు పట్టి గీసినట్టు తిన్నగా, వాగు కంటే మనిషెత్తు పైన ఉంది. నీళ్ళు తమంతట తాము అలా పోవు. ఎగువన వాగుకి అడ్డుకట్ట వేసి, ఎత్తు తగ్గకుండా ఎవరో తెచ్చారన్నమాట. దాని చివర తుప్పల వెనక రాతి గోడలు, సగం కూలిన కప్పు, గోడ పక్కన పెద్ద చక్రం. చెక్క తొట్లు కుళ్ళి రాలిపోయాయి. ఇనుప ఇరుసు, ఆకులు మిగిలాయి.

ఆ ఎత్తులోనే ఉంది కిటుకంతా. నీళ్ళు చక్రాన్ని కింద నుంచి తోస్తూ పోవచ్చు, లేదా పైనుంచి తొట్లలో పడి తమ బరువుతో తిప్పవచ్చు. రెండో పద్ధతిలో దాదాపు రెట్టింపు శక్తి చేతికొస్తుందని ఇంగ్లండు ఇంజనీరు జాన్ స్మీటన్ నమూనా చక్రాలతో కొలిచి 1759లో చూపించాడు.

ఇంతలో పొలం తాలూకు పెద్దాయన వచ్చి "ఎవరు కావాలి బాబూ?" అని అడిగారు. మర చూస్తున్నానని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. లోపల చూపిస్తాను రమ్మన్నారు. మెట్టు అనుకుని నేను కాలు పెట్టబోయింది పాత తిరగలి రాయి! మధ్యలో బెజ్జం, దాని దగ్గర్నుంచి అంచు దాకా గాళ్ళు. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. మధ్యలో పడిన గింజని ఆ గాళ్ళు కోస్తూ, నలుపుతూ పిండిని అంచుకి తోస్తాయి. అరిగినప్పుడల్లా పై రాయి ఎత్తి మళ్ళీ కక్కు కొట్టాలి. టన్ను దాకా తూగే రాయిని!

ఆయన ఒక మూల నుంచి చెక్క ముక్క తీసి నా చేతిలో పెట్టారు. పళ్ళచక్రం తాలూకు పన్ను అట. ఒక వైపు గరుకు, ఇంకో వైపు రాపిడికి చింతగింజలా నున్నగా మెరుస్తోంది. ఇనుప చక్రానికి చెక్క పళ్ళెందుకని అడిగాను. "ఏదైనా ఇరుక్కుంటే పన్ను విరగాలి గానీ చక్రం విరక్కూడదు. పన్నయితే పూటలో మార్చుకోవచ్చు" అన్నారు. ఆ ముక్కని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

తర్వాత పాత సర్వే మ్యాపు సంపాదించి చూశాను. నాలుగు బాటలు నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఆ మర దగ్గరే కలుస్తున్నాయి. మూడు పొలాల్లో కలిసిపోయాయి, నేను నడిచింది నాలుగోది. ధాన్యం బస్తాలు వెళ్ళిన, పిండి తిరిగొచ్చిన దారి అది. మర ఆగిపోయాక బాటకి చేరాల్సిన చోటంటూ లేకుండా పోయింది. అంతే, ఎటూ పోని బాట అన్న పేరు మిగిలింది.

ఇలాంటివి అరుదు అనుకోకండి. ఇంగ్లండులో 1086లో తయారైన డూమ్స్‌డే అనే భూముల, ఆస్తుల లెక్కల్లోనే దాదాపు 6,000 మరలు కనిపిస్తాయి. హిమాలయాల్లో ఘరాట్‌లనే చిన్న నీటిమరలు ఈనాటికీ పిండి విసురుతున్నాయి. 19వ శతాబ్దం చివర్లో ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాక చాలాచోట్ల రాతి మరలు మూతపడ్డాయి గానీ, వాటి కాలువలు అంత తేలిగ్గా చెరిగిపోవు.

కాబట్టి ముందు మ్యాపు తెరిచి వాగుల వెంట చూడండి. వాగుకి సమాంతరంగా తిన్నగా పోయి, కొంత దూరంలో మళ్ళీ వాగులోనే కలిసే సన్నని కాలువ కనిపిస్తే అక్కడికి వెళ్ళండి. నడిచే వెళ్ళండి, బండి మీదైతే గట్లూ గాళ్ళూ కంటపడవు. స్థలం ఎవరిదో కనుక్కుని అడిగాకే లోపలికి అడుగుపెట్టండి. చెక్క నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద పుచ్చిపోయి ఉంటుంది. నన్ను కూడా ఆ పెద్దాయన గోడ వారనే నడవమన్నారు.