విదేశాంగ విధానం వల్ల దేశానికి పేరు రావడం, పోవడం నిజంగా జరుగుతుందా?

"ఐక్యరాజ్యసమితిలో ఒక దేశం ఎటు ఓటేసింది, ఎవరికి సాయం చేసింది లాంటివి బయటి దేశాల్లో మామూలు జనం అభిప్రాయాన్ని మారుస్తాయా, లేక అదంతా టీవీ చర్చల వరకేనా? ఇంతకీ మన ఇమేజ్ ఇప్పుడు పెరిగినట్టా, తగ్గినట్టా?" అని అడిగారు.

నేను దౌత్యం చదువుకున్నవాణ్ణి కాదు. వైజాగ్ పోర్టుకి వచ్చే ఓడలకి కూరగాయలు, మాంసం, బియ్యం, తాళ్లు, పెయింట్లు సప్లై చేస్తుంటాను. మా లైన్‌లో దీన్ని షిప్ చాండ్లింగ్ అంటారు. సరుకు పైకి ఎక్కించాక కెప్టెన్‌తోనో చీఫ్ కుక్‌తోనో లెక్క సరిచూసుకుని, డెలివరీ నోటు మీద ఓడ స్టాంపు పడేదాకా మెస్‌రూమ్‌లో కూర్చోవాలి. ఆ కాసేపట్లో కాఫీ ఇస్తారు, కబుర్లు నడుస్తాయి. ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్, రష్యా, టర్కీ, శ్రీలంక, చైనా, ఎవరైనా తగలొచ్చు. నేను చెప్పేది ఆ కబుర్ల మీద ఆధారపడిన మాటే, అంతకుమించి బరువు పెట్టకండి.

మీ ప్రశ్నకి నా జవాబు: మారుస్తాయి. అయితే మనం వేసే ఓటు కన్నా, మన నాయకుల ప్రసంగాల కన్నా, అవతలి దేశానికి అవసరం పడ్డ రోజున మనం ఏం చేశామన్నదే వాళ్ల నోట వస్తుంది. అది కూడా దేశానికో రకంగా.

ముందు మన సంగతే చూద్దాం. వైజాగ్‌లో అరవై దాటినవాళ్ల దగ్గర రష్యా పేరెత్తండి, సగం మంది ముఖం విప్పారుతుంది. వాళ్లలో ఎక్కువమంది ఆ దేశంలో అడుగుపెట్టినవాళ్లు కారు, రష్యన్ ముక్క రాదు. మరి ఈ అభిమానం ఎక్కణ్ణించి వచ్చింది? 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్ మనతో మైత్రీ ఒప్పందం చేసుకుంది. డిసెంబర్‌లో యుద్ధం వచ్చింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా రేవు బయటే మునిగింది. అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకని బంగాళాఖాతంలోకి పంపింది. సోవియట్ వాళ్లు భద్రతామండలిలో మనకి వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాల్ని వీటో చేశారు. ఇళ్లలో దీపాలు ఆర్పేసుకుని కూర్చున్న తరానికి ఈ రెండూ అలా గుర్తుండిపోయాయి. మా నాన్నగారు పోయేదాకా ఎంటర్‌ప్రైజ్ పేరు చెప్పి అమెరికాని తిట్టేవారు. మనవడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నా సరే.

తర్వాత 1979 ఒప్పందంతో స్టీల్ ప్లాంటుకి సోవియట్ సాయం వచ్చింది. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి కూడా అక్కడ కట్టిందే, 1969లో మన నేవీలో చేరింది. విచిత్రం ఏంటంటే 1992లో పీవీ నరసింహారావు గారు స్టీల్ ప్లాంటుని జాతికి అంకితం చేసేనాటికి సాయం చేసిన ఆ దేశమే లేదు. అది కూడగట్టుకున్న మంచి పేరంతా రష్యాకి ఆస్తిలాగా దఖలు పడింది. ఈ మాట నాతో అన్నది ఒక ఉక్రెయిన్ సెకండాఫీసర్. "ఆ సోవియట్‌లో మేమూ ఉన్నాం కదా, మా వాటా ఏది?" అని నవ్వుతూనే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

అతను కలిసింది 2022లో, యుద్ధం మొదలైన కొన్ని నెలలకి. ఔటర్ హార్బర్‌లో ఉన్న బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం లాంటి విడి సరుకు మోసే ఓడ), సిబ్బందిలో రష్యన్లూ ఉన్నారు, ఉక్రెయిన్ వాళ్లూ ఉన్నారు. మెస్‌రూమ్‌లో ఒకే పొడవాటి బల్ల. ఈ చివర చీఫ్ ఇంజనీర్ రష్యన్, ఆ చివర ఇతను. మధ్యలో ఫిలిప్పీన్ కుర్రాళ్లు తలలు వంచుకుని తింటున్నారు. నా లిస్టులో బీట్‌రూట్, క్యాబేజీ రెట్టింపు రాశారు. రెండు వర్గాలకీ కావలసింది ఒకటే సూపు కాబట్టి. నేను ఇండియన్‌నని చీఫ్ ఇంజనీర్ లేచొచ్చి చెయ్యి కలిపాడు. ఇతను మాత్రం కాగితాల్లోంచి తలెత్తకుండా, "మీరెందుకు ఓటేయలేదు?" అన్నాడు.

మార్చి 2న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో రష్యా దాడిని తప్పుపడుతూ పెట్టిన తీర్మానానికి 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం, 35 ఓటింగుకి దూరం. ఆ ముప్పై అయిదులో మనం ఉన్నాం. ఒక్కటే ఓటు, ఒకే గదిలో రెండు రకాల ముఖాలు. ఆపైన చమురు సంగతి కూడా ఎత్తాడు. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యన్ క్రూడ్ 2 శాతం లోపే, తర్వాత మూడో వంతుకి చేరింది. మన రిఫైనరీలకి చవగ్గా వచ్చింది, పెట్రోలు బంకుల్లో రేటు మరీ చుక్కలు చూపించలేదు. దానికి యూరప్‌లో కొంత పేరు పోతుందని ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి తెలియదనుకోను. తెలిసే చేశారు. నా మట్టుకు నాకు అది తప్పనిపించదు. కానీ పేరు పోలేదని మాత్రం బుకాయించకూడదు.

పొరుగు దేశాల దగ్గరికొస్తే లెక్క ఇంకా చిక్కు. శ్రీలంక వాళ్లు 2022లో పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూల్లో నిలబడ్డారు. అప్పుడు మన దేశం అప్పులు, డీజిల్, మందులు, బియ్యం అన్నీ కలిపి దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఆ తర్వాత నాకు తెలిసిన కొలంబో బోసన్ (డెక్ మీద పనివాళ్లకి పెద్ద) ఒకాయన మా ఆఫీసు కుర్రాళ్లందరికీ టీ పొట్లాలు తెచ్చిచ్చాడు. చాలా పెద్దమనిషి. అదే మనిషి ఇంకోసారి ఐపీకేఎఫ్, అంటే శ్రీలంకకి వెళ్లిన మన శాంతి సేన ప్రస్తావన వస్తే గొంతు మార్చేశాడు. 1987 నుంచి 1990 దాకా మన సైన్యం అక్కడ ఉంది, వెయ్యి మందికి పైగా మనవాళ్లు ప్రాణాలిచ్చారు. మనం శాంతి కోసం వెళ్లామనుకున్నాం. సింహళీయులు పెద్దన్న పెత్తనం అన్నారు, తమిళులు నమ్మకద్రోహం అన్నారు. ఒప్పందం చేసుకోడానికి వెళ్లిన రాజీవ్ గాంధీని గౌరవ వందనంలో నిలబడ్డ నావికుడొకడు తుపాకీ మడమతో కొట్టాడు, ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. 2022 సాయం ఆ జ్ఞాపకాన్ని చెరిపేయలేదు. పక్కన ఇంకోటి చేరింది, అంతే.

టర్కీ విషయం చాలామంది అడుగుతుంటారు. 2023 ఫిబ్రవరి భూకంపానికి మనం ఆపరేషన్ దోస్త్ పేరుతో ఎన్డీఆర్ఎఫ్ బృందాల్ని, ఆర్మీ ఫీల్డ్ హాస్పిటల్‌ని పంపాం. 2025 మేలో మనకీ పాకిస్తాన్‌కీ ఘర్షణ జరిగినప్పుడు వాళ్ల ప్రభుత్వం పాకిస్తాన్ పక్షాన నిలబడింది. ఇక్కడ టర్కీ యాపిల్స్ కొనొద్దు, టూర్లు రద్దు చేసుకోండి అని పిలుపులు. ఆ రోజుల్లోనే టర్కీ సిబ్బంది ఉన్న ఓడ ఒకటి వస్తే మా డెలివరీ కుర్రాడు "వీళ్లకి కూడా వేయాలా అన్నా?" అన్నాడు. వేశాం, వ్యాపారం కదా. చీఫ్ ఆఫీసర్ ఇస్కెందెరున్ వాడు. మన ఆర్మీ హాస్పిటల్ పెట్టిన ఊరు అదే. తన మేనత్త కాలికి కట్టు కట్టింది ఇండియన్ లేడీ డాక్టరని ఫోన్లో ఫొటో తీసి చూపించాడు. కిందకి దిగాక మా కుర్రాడు ఏమీ అనలేదు, నేనూ అనలేదు. "అంత సాయం చేస్తే మనకేం ఒరిగింది" అనేవాళ్లు ఇక్కడ రెండింటిని కలిపేస్తున్నారు. సాయం అందుకున్నవాళ్లలో పేరు వస్తుంది. వాళ్ల ప్రభుత్వం మనకి అనుకూలంగా ఓటేస్తుందని హామీ ఏమీ ఉండదు. అయినా ఒక్క వారంలో టర్కీ మన దగ్గర ఎంత పేరు పోగొట్టుకుందో చూస్తే మీ మొదటి ప్రశ్నకి అదే జవాబు.

బియ్యం గొడవ నాకు దగ్గరిది, ఎందుకంటే కాకినాడ తీరానికి దూరంగా లంగరేసి ఉన్న ఓడలకి కూడా మేం సరుకు వేస్తాం. అక్కడ బియ్యం బస్తాలు బార్జీల మీద తీసుకెళ్లి ఓడలోకి ఎక్కిస్తారు, చాలావరకు పశ్చిమ ఆఫ్రికాకి. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేస్తూ రాత్రికి రాత్రి నోటిఫికేషన్ వచ్చింది. లోడింగ్ మొదలైన వాటికి మినహాయింపు ఇచ్చారు. అయినా ఆ రెండు రోజులూ ఏజెంట్ల టెన్షన్ చూడాల్సిందే, ఫోన్ చెవికి అతుక్కుపోయింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన వాటా దాదాపు 40 శాతం. ఇక్కడ కుళాయి కట్టేస్తే అక్కడ పళ్లెంలో తెలుస్తుంది. ఇంట్లో ధరలు పెరుగుతుంటే ఏ ప్రభుత్వమైనా చేసే పనే, కాదనను. తర్వాత భూటాన్, మారిషస్, సింగపూర్ లాంటి దేశాలు అడిగితే ప్రత్యేకంగా ఇచ్చారు కూడా. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబర్ చివర్లో. అటు రూటులో తిరిగే ఘానా కెప్టెన్ ఒకాయన ఇండియా జీ20లో ఆఫ్రికన్ యూనియన్‌కి సభ్యత్వం ఇప్పించిందని నేను గొప్పగా చెప్పబోతే, మర్యాదగా విని, "మా ఆవిడ బియ్యం రేటు గురించే అడుగుతుంది" అన్నాడు. రెండూ ఒకే సంవత్సరం జరిగినవే.

వ్యాక్సిన్ల కథ కూడా ఈ బాపతే. 2021 జనవరిలో పొరుగు దేశాలకి ఉచితంగా పంపి బోలెడు పేరు తెచ్చుకున్నాం. సెకండ్ వేవ్‌లో మనకే చాలక ఆపేస్తే, డబ్బు కట్టి డోసులకి ఎదురుచూస్తున్నవాళ్లు నొచ్చుకున్నారు. ఆ మే నెలలోనే మన నేవీ ఓడ జలాశ్వ బ్రూనై, సింగపూర్‌ల నుంచి ఆక్సిజన్ ట్యాంకులు తెచ్చి వైజాగ్‌లో దింపింది. ఆ రెండు దేశాల పేర్లు మా ఇంట్లో ఇప్పటికీ మర్యాదగా పలుకుతాం.

ఇక వేడుకలు. 2016లో ఫ్లీట్ రివ్యూ, 2022లో, 2024లో మిలన్ నౌకా విన్యాసాలు, 2023 మార్చిలో జీ20 సమావేశం, అన్నీ మా ఊళ్లోనే జరిగాయి. బీచ్ రోడ్డు గోడలకి రంగులు పడ్డాయి, యూనిఫాంలు చూసి పిల్లలు సంబరపడ్డారు. అవి అవసరమే, కాదనను. కానీ ఓడల మీద ఇన్నేళ్లలో ఒక్కరు కూడా వాటి ఊసెత్తలేదు. వాళ్లు ఎత్తేది షోర్ పాస్ సంగతి, అంటే ఓడ దిగి ఊళ్లోకి వెళ్లడానికి ఇచ్చే అనుమతి. మర్యాదగా ఇచ్చారా, గేటు దగ్గర ఎండలో గంటలు నిలబెట్టారా అని. నెలల తరబడి నీళ్ల మీద ఉండి వచ్చినవాడికి ఆ గేటే ఇండియా. అందుకే అంతా విదేశాంగ శాఖ చేతుల్లోనే ఉందని కూడా అనుకోకండి.

పెరిగిందా తగ్గిందా అంటే, ఎవర్ని అడుగుతున్నారో చెప్పండి. మాల్దీవుల్నే తీసుకోండి. 1988 నవంబర్‌లో కిరాయి సైనికుల కుట్రని మనవాళ్లు గంటల్లో అణిచిపెట్టారు, చాలాకాలం దేవుళ్లలా చూశారు. తర్వాత "ఇండియా అవుట్" ఉద్యమం నడిచింది. దాని మీదే 2023లో ముయిజ్జు అధ్యక్షుడిగా గెలిచి, మన సైనిక సిబ్బందిని 2024 మే నాటికి పంపించేశారు. డాలర్లు అడుగంటాక అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్ (తర్వాత తిరిగిచ్చే షరతు మీద డాలర్లు తీసుకునే ఏర్పాటు) తీసుకెళ్లారు. 2025 జూలైలో వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవానికి ముఖ్య అతిథి మన ప్రధానమంత్రి. ఈసారి ఎన్నాళ్లు నిలుస్తుందన్నది, అప్పు వాయిదా కట్టలేని నెలలో మనం వాళ్లతో ఎలా మాట్లాడతామన్న దాని మీద ఉంటుందని నా లెక్క.