అలిపిరి మెట్లు, లాక్టేట్ దారి

చిరంజీవికి ఆశీస్సులు.

అలిపిరి మెట్ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. గాలిగోపురం చేరేదాకా నీ వాక్యాలు కూడా ఆయాసపడ్డాయి, అది చాలా నచ్చింది. ఆ తర్వాత మాత్రం 'లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి మర్నాడు కాళ్ళు నొప్పి పెడతాయి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అందరూ రాసేదే అది. నువ్వు అక్కడ ఆగి తరచి చూడాల్సింది.

నిటారు మెట్లు ఎక్కేటప్పుడు తొడలో వేగంగా ముడుచుకునే తంతువులు గ్లూకోజును గబగబా విడగొడతాయి. అందులోంచి పైరువేట్ అనే పదార్థం, దాన్నుంచి లాక్టేట్. నువ్వన్న లాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండేది ఈ రూపంలోనే. ఆక్సిజన్ సరిపడా ఉన్నా ఇది తయారవుతుంది. తయారైనచోటే ఉండిపోదు. కణపొరలోని ఎంసీటీ అనే రవాణా ప్రోటీన్ల గుండా బయటికి వస్తుంది. కొంత పక్కనున్న నిదానపు తంతువుల్లోకి పోయి ఇంధనమవుతుంది. కొంత రక్తంలో గుండెకు చేరుతుంది, గుండె కండరమూ దాన్ని వాడుకుంటుంది. ఇంకొంత కాలేయంలో తిరిగి గ్లూకోజు అవుతుంది. ఈ చక్రాన్ని 1929లో శాస్త్రజ్ఞులైన కార్ల్, గెర్టీ కోరి దంపతులు వివరించారు. నువ్వు లాక్టేట్‌ను బూడిదతో పోల్చావు. బొగ్గుతో పోల్చు, పొయ్యిలో మిగిలిన బొగ్గు కుంపట్లో మళ్ళీ మండుతుంది.

లాక్టేట్ కండరంలోనే పేరుకుపోతుందన్న అపోహ ఎక్కడ పుట్టిందో కూడా రాయి. 20వ శతాబ్దం తొలినాళ్ళలో శాస్త్రజ్ఞులు దీన్ని శరీరం నుంచి వేరుచేసిన కప్ప కండరాల్లో కొలిచారు. రక్తం పారని కండరంలో పుట్టిన లాక్టేట్ ఎక్కడికి పోగలదు? అక్కడే పేరుకుంది. బతికున్న దేహంలో అది ఎలా చేతులు మారుతుందో 1980లలో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు జార్జ్ బ్రూక్స్ 'లాక్టేట్ షటిల్' పేరుతో ప్రతిపాదించారు. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది. దీనికి రెండు పేరాలు ఇచ్చినా ఎక్కువ కాదు. చోటు చాలకపోతే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా మీద రాసిన పాఠ్యపుస్తకపు భాగం కొట్టేయి.

ఇక మర్నాటి నొప్పి. నడక ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి ముదిరేది ఒకటి రెండు రోజుల తర్వాత. అలవాటు లేని శ్రమతో, ముఖ్యంగా దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపే కండరాల్లో కలిగే సూక్ష్మ గాయాలు, వాటి వాపు దీనికి ప్రధాన కారణం. కొండ దిగడానికి బస్సెక్కిన వాళ్ళనూ, మెట్ల మీద దిగిన వాళ్ళనూ మర్నాడు పలకరించు. వాళ్ళ మాటలు యథాతథంగా రాసుకో, నీ వ్యాసంలో అవి కావాలి.

మోకాళ్ళ పర్వతం దగ్గర ఎక్కే మనిషినీ, అతని తొడ నుంచి గుండెకు సాగే లాక్టేట్‌నూ ఒకే పేరాలో నడిపించి చూడు. దసరా లోపల తిరగరాసి పంపు.