ట్యాగ్ లేని కొమ్మ తేవద్దు

అమ్మాయ్,

రాజేంద్రనగర్ హార్టికల్చర్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరానని నువ్వు ఫోన్ చేసిన రోజు మా ఇంట్లో పాయసం వండించాను. "ముందు ఏం చేయమంటారు సార్?" అని అడిగావు. ఫోన్‌లో చెప్పింది నిలవదు, అందుకే ఉత్తరం.

పాఠాల గురించి టెన్షన్ పడకు. రెండేళ్లలో అవే గాడిలో పడతాయి. పేపర్లు, ప్రమోషన్లు కూడా అంతే. నా భయమల్లా చెట్ల గురించే. వరిలో చేసిన తప్పు నాలుగైదు నెలల్లో బయటపడుతుంది. మామిడిలో ఐదేళ్లు దాక్కుంటుంది.

నా సంగతే విను. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఒక తోట నుంచి హిమాయత్, బేనిషాన్ రకాల మామిడి కొమ్మలు తెచ్చి అంట్లు కట్టించాను. కాగితం చీటీల మీద సిరాతో పేర్లు రాశాను. ఆ రాత్రే వాన. పొద్దున చూస్తే చీటీల మీద నీలం మరకలు తప్ప ఏమీ లేవు. అప్పుడే అన్నీ పీకి పారేయాల్సింది. వరస గుర్తుందిలే అనుకుని మళ్లీ పేర్లు రాశాను. ఐదో ఏడు చేవెళ్ల దగ్గరి రైతు కబురు పెట్టాడు. హిమాయత్ అని నేనిచ్చిన చెట్టు కిందే కూర్చోబెట్టి పండు కోసి ముక్క చేతిలో పెట్టాడు. నోట్లో పెట్టుకోకముందే తెలిసిపోయింది, బేనిషాన్! "తియ్యగనే ఉంది గద సార్" అన్నాడు. నాలుగు తిట్టినా తేలిగ్గా ఉండేది.

అందుకని, అల్యూమినియం రేకు మీద మేకుతో గీకిన పేరే నమ్ము. తల్లి చెట్టు కాపు కళ్లారా చూడందే సయాన్, అంటే అంటుకు వాడే కొమ్మ, కోయకు. కోయడానికి వారం, పది రోజుల ముందు కాడలు వదిలి ఆకులు తుంచేస్తాం కదా, మొగ్గ ఉబ్బడానికి; ట్యాగ్ ఆ రోజే కట్టాలి. ఆకుల్లేని కొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి. పిల్లలకు ప్రాక్టికల్ పెడితే ఒక పూట ఒకే రకం. నాటాక అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు గిల్లించు, లేకపోతే వేరుమూలమే, అంటే కింద ఉన్న టెంక మొక్కే, చెట్టై కూర్చుంటుంది.

తోటమాలిని సార్లు పెద్దగా పట్టించుకోరు. నువ్వలా చేయకు. మా మాలి ఆకు నలిపి వాసన చూసి రకం చెప్పేవాడు. నాకు ముప్పై ఏళ్లలో సగమే అబ్బింది.

తోట మ్యాపు గీసుకో. పది మీటర్ల దూరంలో వేస్తే ఎకరానికి నలభై చెట్లు, గంట పని కూడా కాదు. లెక్క ఈశాన్యం మూల రాయి నుంచి మొదలుపెట్టు, గేటు నుంచి కాదు. గేట్లు మారతాయి. దిగుబడి చెట్టు చెట్టుకూ విడిగా ఒక పుస్తకంలో రాసుకో. ఏడాది విడిచి ఏడాది కాసే గుణం ఎకరం మొత్తం లెక్కలో కనపడదు, ఒక చెట్టు ఎగ్గొట్టింది పక్కది పూడ్చేస్తుంది.

ఆ పుస్తకానికి ఇంకో కాపీ ఇంట్లో ఉంచు, తోట పోయినా లెక్క మిగలాలి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు ఒకప్పుడు హైదరాబాదే పుట్టిల్లులాంటిది. ఆ తోటలున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు. ఏ తీగ ఎంత కాసిందో రాసిపెట్టుకున్న రైతులు ఎందరున్నారో మరి.

సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రానికి ఒకసారి వెళ్లిరా. రుమానీ, నీలం అనే మామిడి రకాలకు పుట్టిన మంజీరా రకం అక్కడిదే. కాపు మీదున్నప్పుడు వెళ్లు, పుస్తకంలో బొమ్మ చూసి పాఠం చెప్పకు.

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక అత్తాపూర్ వస్తావుగా, రెండు హిమాయత్ కొమ్మలు తీసుకురా. డాబా మీద కుండీలో టెంక మొక్కలు సిద్ధంగా ఉన్నాయి. ట్యాగ్ లేకపోతే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తాను.

మీ సార్