పిల్లల గుండె సర్జన్ కావాలంటే లెక్క రాయడం కూడా రావాలి

ప్రశ్న: మెడిసిన్ మూడో ఏడాది చదువుతున్నాను. పిల్లల గుండె సర్జన్ కావాలని ఉంది. ఈ సర్జన్లకు పెద్ద పెద్ద సొసైటీలు ఉన్నాయని మా ప్రొఫెసర్ చెప్పారు. ఇప్పట్నుంచే వాటి చుట్టూ తిరిగితే కెరీర్‌కు కలిసొస్తుందా? వాటి చరిత్ర చదువుతుంటే టైమ్ వేస్ట్ అంటున్నారు మా నాన్నగారు.

జవాబు: సభ్యత్వం సంగతి ప్రస్తుతానికి మరిచిపోండి. అవి ప్రధానంగా ఆపరేషన్లు చేస్తున్న సర్జన్లు తమ కోసం పెట్టుకున్నవి. బయోడేటాలో ఒక లైను పెరిగిందని ఎవరూ ట్రైనింగ్‌కు పిలవరు. చరిత్ర విషయంలో మాత్రం నాన్నగారి మాట నేను ఒప్పుకోను. మీరు రేపు చేయబోయే పనిలో సగం ఏమిటో అందులోనే ఉంది.

మొదట్లో ఎవరి సాహసం వాళ్లది. పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం ఏడేళ్లొచ్చినా తెరుచుకునే ఉన్న ఒక పాపకు, 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ దాన్ని కట్టేశారు. అప్పుడు ఆయన చీఫ్ ఊళ్లో లేరు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని ఆదర్శంగా తీసుకోకండి! 1944లో బాల్టిమోర్‌లో, ఒళ్లు నీలంగా మారుతున్న పసిపాపకు ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఆపరేషన్ చేస్తుంటే, వెనక స్టూలు మీద నిలబడి ఎలా కుట్టాలో చెబుతూ వచ్చింది ఆయన ల్యాబ్ సహాయకుడు వివియన్ థామస్. ఆ ఆపరేషన్ ఆలోచన పిల్లల డాక్టర్ హెలెన్ టాసిగ్‌ది. దాన్ని ముందుగా కుక్కల మీద చేసి పట్టు సాధించింది థామస్. ఆయనకు డాక్టర్ డిగ్రీ లేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పుట్టే ప్రతి వంద మందిలో సుమారు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. కానీ ఆ లోపాలు పదుల రకాలు. ఒక్కో రకం ఒక్కో ఆస్పత్రికి ఏడాదికి కొన్నే వస్తాయి. ఐదుగురికి చేసి నలుగురు బతికితే, అది మీ చేతి చలవో అదృష్టమో ఎలా చెబుతారు? 1970ల్లో ఉత్తర అమెరికాలో కొద్దిమంది సర్జన్లు ఒకచోట చేరి, తమ కేసులను దాపరికం లేకుండా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కంజెనిటల్ హార్ట్ సర్జన్స్ సొసైటీ అలా పుట్టింది.

ఒక ఉదాహరణ చూడండి. కొందరు పిల్లల్లో గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద ధమనులు తారుమారై ఉంటాయి. 1950ల చివర్లో సెన్నింగ్, తర్వాత మస్టర్డ్ అనే సర్జన్లు గుండె లోపలే రక్తం దారి మళ్లించారు. పిల్లలు బతికారు, కానీ ఏళ్లు గడిచాక కొందరిలో గుండె లయ తప్పడం, కుడి జఠరిక అలసిపోవడం కనిపించింది. 1975లో బ్రెజిల్‌లో అడిబ్ జటేన్ ధమనులనే కోసి అటుదిటు మార్చారు. దానికి గుండె కండరానికే రక్తం అందించే, మిల్లీమీటరో రెండో ఉండే కరొనరీ నాళాలను కూడా, తల వెంట్రుక కన్నా సన్నని దారంతో కొత్తచోట కుట్టాలి. మొదట్లో మరణాలు ఎక్కువ. మరి చేయి తిరిగిన పాత పద్ధతా, భవిష్యత్తు ఉన్న కొత్త పద్ధతా? ఏ ఒక్క ఆస్పత్రికీ తేల్చే బలం లేదు. 1985 నుంచి సొసైటీ ఆస్పత్రులు ఈ లోపంతో పుట్టిన పిల్లల వివరాలన్నీ ఒకేచోట చేర్చాయి. ఆ లెక్కల వెనక గుండె సర్జన్ జాన్ కిర్క్‌లిన్ పట్టుదల ఉంది. ఆ వివరాలు చూసే డేటా సెంటర్ తర్వాత టొరంటోకు మారింది. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా ఎలా ఉన్నారో అడుగుతూనే ఉంటుంది. నన్నడిగితే సొసైటీ చేసిన అసలు పని అదే, సమావేశాలు కాదు.

యూరప్ సర్జన్లు 1992లో తమ సంఘం పెట్టుకున్నారు. ప్రపంచ స్థాయి సొసైటీ 2006లో మాంట్రియల్‌లో మొదలైంది.

లెక్క దాస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఆస్పత్రి కథ చెబుతుంది. అక్కడ పిల్లల గుండె ఆపరేషన్ల ఫలితాలు మిగతా చోట్ల కన్నా అధ్వానంగా ఉన్నాయని 2001లో బహిరంగ విచారణ తేల్చింది. అంకెలు చూసి గొంతెత్తింది మత్తుమందు ఇచ్చే ఒక డాక్టరు.

ఇక మీ దారి. మెడిసిన్ తర్వాత సర్జరీ, ఆపైన గుండె సర్జరీ, దాని మీద పిల్లల గుండెకు ప్రత్యేక శిక్షణ. దేశాన్ని బట్టి వరస మారుతుంది కానీ పదేళ్ల కన్నా తక్కువ అనుకోకండి. అమెరికాలో ఈ ఉపశాఖకు విడిగా సర్టిఫికెట్ ఇవ్వడం మొదలైందే 2009లో. ఉద్యోగాలు పెద్ద కేంద్రాల్లోనే ఉంటాయి, కాబట్టి ఉన్న ఊళ్లోనే స్థిరపడాలనుకునే వాళ్లకు ఇది కష్టం. నాన్నగారికి ఈ మాట ఇప్పుడే చెప్పేయండి, తర్వాత టెన్షన్ ఉండదు.

ఈ ఏడాది రెండు పనులు చేయండి. అనుమతి తీసుకుని ఒక పిల్లల గుండె ఆపరేషన్‌ను మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూడండి. ఆ రాత్రి ఐసీయూలో కూడా కాసేపు ఉండండి. రెండోది, మీ కాలేజీలో ఎవరైనా పాత కేస్‌షీట్ల నుంచి వివరాలు తీసి పట్టిక కడుతుంటే, ఆ పని అడిగి తీసుకోండి. నలభై షీట్లు తిరగేశాక కూడా నలభై ఒకటో బిడ్డ ఏమైందో తెలుసుకోవాలని అనిపించిందా, మళ్లీ నాకు రాయండి. ఆపరేషన్ నచ్చి పట్టిక విసుగనిపించినా రాయండి. సర్జరీలో మీకు సరిపడే శాఖలు ఇంకా ఉన్నాయి, వాటి గురించి మాట్లాడుకుందాం.