లెన్సుల కోసం లోన్ యాప్ జోలికి వెళ్లొద్దు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఒడిశాలోని రాయగడలో పెళ్లి వీడియోలు తీస్తాను. తెలుగువాళ్లవీ, ఒడియావాళ్లవీ వస్తాయి. అందరూ సినిమా లుక్ అడుగుతున్నారు. 24, 35, 85 ఎంఎం సినీ ప్రైమ్ (జూమ్ లేని, వీడియో కోసం చేసిన) లెన్సులు మూడూ కలిపి రూ.1.80 లక్షలు. ఒక లోన్ యాప్ ఏడాదికి 30 శాతం వడ్డీకి 24 నెలల అప్పు ఇస్తానంటోంది. దాచుకున్న రూ.70 వేలు కెమెరా కుదుపుల్లేకుండా పట్టే గింబల్‌కీ మానిటర్‌కీ పెడదామనుకుంటున్నా. ఇంటి ఖర్చు నెలకు రూ.22 వేలు. అమ్మ, భార్య, పాప నా మీదే ఆధారం. అప్పు తీసుకోమంటారా?

జవాబు: వద్దు. సీజన్‌లో వచ్చే డబ్బు చూసుకుని ఏడాది పొడవునా కట్టాల్సిన ఈఎంఐకి ఒప్పుకోవడం వీడియో, సౌండ్, లైటింగ్ పనుల్లో ఉన్నవాళ్లు తరచూ చేసే పొరపాటు. మీ ప్రశ్న ఎంచుకున్నది అందుకే.

లెక్క చూడండి. ఈఎంఐ దాదాపు రూ.10,060. రెండేళ్లలో మీరు కట్టేది రూ.2.41 లక్షలు. వడ్డీయే రూ.61 వేలు దాటుతోంది. అంటే మూడు లెన్సులు కొని నాలుగింటి డబ్బు కడుతున్నారు. ఆషాఢంలో, భాద్రపదంలో, మూఢాల్లో మన పెళ్లిళ్లు ఆగుతాయి. ఒడియావాళ్లవి తొలి ఏకాదశి నుంచి కార్తీకం దాకా సాధారణంగా ఉండవు. ఆ నెలల్లో ఈఎంఐ దేన్లోంచి కడతారు? ఇంకో యాప్ నుంచేగా!

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ రూ.70 వేలు. మీ ఇంటికి ఉన్న అండ అదొక్కటే, అదీ మూడు నెలల ఖర్చు. నెలజీతం వాళ్లకు ఆరు నెలలు చాలంటాను, మీలా సీజన్ మీద బతికేవాళ్లకు తొమ్మిది నెలలు కావాలి. అంటే రూ.1.98 లక్షలు. అమ్మకు పెద్ద జబ్బు చేస్తే విశాఖ పరుగెత్తాలి. ఆసుపత్రి బిల్లుకు తోడు రానుపోను ఖర్చు, అక్కడ గది అద్దె, పోయిన ఆర్డర్లు. ఈ నిధి నిండేవరకు ప్రతి ఆర్డర్ అడ్వాన్సులోంచి ఐదో వంతు వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు.

లెన్సులు మంచివే, కాదనను. చవక సినీ లెన్సుల్లో ఫోకస్ రింగ్ ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి చేత్తో ఫోకస్ కచ్చితంగా మార్చొచ్చు, వెలుతురును సరిచేసే అపర్చర్ టకటకమనకుండా సాఫీగా మారుతుంది. కానీ చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫోకస్ తప్పితే రెండో టేక్ లేదు. ఒంటరిగా తీసే మీకు మూడూ ఒకేసారి దేనికి? సామ్‌యాంగ్ లాంటి కంపెనీలు తమ ఫొటో లెన్సు గాజునే సినీ బాడీలో పెట్టి అమ్ముతూ వచ్చాయి. సెకండ్‌హ్యాండ్ ఫొటో ప్రైమ్ ఒకటి కొన్నా వీడియో లుక్‌లో పెద్ద తేడా రాదు. సినిమా లుక్ కావాలన్న పార్టీకి విశాఖ నుంచి అద్దెకు తెచ్చి, ఆ అద్దె వాళ్ల బిల్లులోనే వేయండి.

తర్వాతెప్పుడైనా అప్పు తప్పదనుకుంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే కిశోర్ ముద్ర రుణం అడగండి. కెమెరాకు దొంగతనం, డ్యామేజీ లాంటివాటికి వర్తించే ఆల్ రిస్క్ బీమా పాలసీ తీసుకోండి. షాపు అగ్నిప్రమాద పాలసీ మండపంలో దొంగతనానికి సాధారణంగా వర్తించదు.

యాప్ డబ్బు ఇప్పటికే ఖాతాలో పడిందా? ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పుకు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. ఒప్పంద పత్రంలో ఆ గడువు ఎన్ని రోజులో ఈరోజే చూడండి.